పొద్దున్నే వణికే కారు

కిందటి కార్తీకమాసంలో మా కారుకి పొద్దున్నే వణుకు పట్టుకుంది. చల్లారిన ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ మీట లాగి తాళం తిప్పితే ఇంజను అందుకునేది. కానీ అందుకున్న మరుక్షణం నుంచి చలిజ్వరం వచ్చిన మనిషిలా ఒకటే వణుకు. లోపలి అద్దంలో వెనక గోడ రెండు గోడలుగా కనిపించేది. స్టీరింగు వెనక అతికించిన చిన్న వినాయకుడు కాదు కాదని తల అడ్డంగా ఊపుతున్నట్టుండేవాడు. చోక్ లోపలికి తోసి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయేది. పది నిమిషాలు దాన్ని బతిమాలి, బుజ్జగించి రోడ్డెక్కితే, కోటిపల్లి బస్టాండు చేరేలోపు ఆ వణుకు ఎటు పోయేదో పోయేది. ఆ తరవాత రోజంతా కుదురుగా నడిచేది.

చిన్న తెల్ల కారు, మూడు సిలిండర్లది. మావారు కాలవల శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంటు ఇంజనీరుగా, ధవళేశ్వరం బదిలీ అయి వచ్చిన ఏడాది కొన్నారు. మా వీధిలో అప్పటికి రెండే కార్లు ఉండేవి. ఇప్పుడు కార్లు లేని ఇళ్లు రెండు ఉన్నాయి. ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. హైస్కూల్లో తెలుగు చెప్పి నేనూ రిటైరయ్యాను. కారు మాత్రం అమ్మలేదు. కూరలకీ, బ్యాంకుకీ, గోదావరి గట్టుకీ నేనే నడుపుకుంటాను.

వణుకు సంగతి చెప్పి ఇక్కడ రాజమండ్రిలోనే ఇద్దరు మెకానిక్కులకి చూపించాను. షెడ్డుకి చేరేసరికి బండి వేడెక్కి బుద్ధిమంతురాలైపోయేది. మొదటతను చెవి ఒగ్గి విని, "భేషుగ్గా ఉంది కదండి మేడం" అన్నాడు. అయినా కార్బొరేటర్ విప్పి కడిగి పంపించాడు. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే వణుకు. రెండో అతను ఓపిక చేసుకుని పొద్దున్నే ఇంటికే వచ్చాడు. వణుకు కళ్లారా చూసి, ప్లగ్గులు మూడూ మార్చాడు. ఏమీ మారలేదు. చేతులు తుడుచుకుంటూ, "వయసైపోయిందండి. దీనికి ఇంక మందు లేదు. ఎక్స్‌చేంజిలో ఇచ్చేయండి" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. వయసైపోయినవాళ్లకి వణుకు ఉండొచ్చు గానీ, పది నిమిషాలకి పోయే వణుకు వయసుది కాదని నాకు తోచింది. అప్పుడు గుర్తొచ్చాడు మేస్త్రి.

ధవళేశ్వరం వెళ్లే దారిలో కాలవ పక్కన తాటాకు షెడ్డు ఉండేది అతనిది. మా కారు కొన్న దగ్గర్నుంచీ అతని చేతిలోనే పెరిగింది. మావారికి నెలలో ఒక ఆదివారం ఆ షెడ్డులో గడవాల్సిందే. పెసరట్టు వేసి పెడతాను, తొమ్మిదింటికల్లా వచ్చేయండి అంటే, పదకొండున్నరకి నల్లబడ్డ చేతులతో వచ్చేవారు. నేను మొహం ముడుచుకునేదాన్ని. ఆయన అదేమీ పట్టించుకోకుండా, చల్లారిన పెసరట్టు తింటూ, మేస్త్రి ఆ పూట ఏ బండి రోగం ఎలా కనిపెట్టాడో కథలాగా చెప్పేవారు.

మేస్త్రికి చెవులే పనిముట్లు. బండి స్టార్ట్ చెయ్యమని, షెడ్డులో అందర్నీ మాట్లాడద్దని చెయ్యెత్తేవాడట. తల ఒక పక్కకి వాల్చి అరనిమిషం వినేవాడు. తరవాత తిన్నగా వెళ్లి ఏ బోల్టు వదులైందో ఆ బోల్టు పట్టుకునేవాడు. "మన ఊళ్లో నాడి చూసే వైద్యులు పోయారు. ఇంజనుకి మాత్రం ఒకాయన మిగిలాడు" అనేవారు మావారు.

నాకు డ్రైవింగు నేర్పిందీ మావారే. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. నేర్చుకోవాలన్న కోరిక నాది కాదు, ఆయనదే. ధవళేశ్వరం దాటాక కాలవ గట్టు మీద, జనం లేని చోట కూర్చోబెట్టేవారు. ఒక పక్క కాలవ, ఒక పక్క వరిచేలు, మధ్యలో పన్నెండడుగుల దారి.  స్కూల్లో మా లెక్కల టీచరు అంతకుముందే నేర్చుకోవడం మొదలుపెట్టింది. క్లచ్చి వదిలినప్పుడల్లా బండి ఆగిపోయేదనీ, వెనక లారీవాళ్లు హారన్లు కొడితే ఏడుపొచ్చి మానేశాననీ చెప్పింది. నాకు ఒక్కరోజు కూడా ఆగలేదు. మొదటి రోజే క్లచ్చి వదలగానే కారు దానంతటది మెల్లగా కదిలింది. "చూశారా, నాకు పుట్టుకతో వచ్చింది" అన్నాను ఆయనతో. ఆయన అవునవునని తలూపారు. ఆ గొప్ప నేను స్టాఫ్ రూములో చాలా రోజులు చెప్పుకున్నాను.

ఆయన పోయినప్పుడు మేస్త్రి పదకొండో రోజున వచ్చాడు.  వాకిట్లో కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, నూనె చూసి, నీళ్లు చూసి, చక్రాల్లో గాలి చేత్తో నొక్కి చూసి, మూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తరవాత రెండేళ్లకి అతనికి చెవులు దాదాపు పోయాయని, షెడ్డు ఎత్తేసి ద్రాక్షారామం అవతల భార్య పుట్టినూరికి వెళ్లిపోయాడని తెలిసింది. చెవుల మెషీను పెట్టుకున్నాడట గానీ, అన్ని శబ్దాలూ ఒకేసారి రేకు డబ్బా కొట్టినట్టు వినపడుతున్నాయని తీసి పక్కన పడేశాడట.

ఫోను చేస్తే భార్య ఎత్తింది. "ఆయనకి వినపడదండి టీచరుగారు. నాతో చెప్పండి, నేను చెప్తాను" అంది. చెప్పాను. అవతల ఆవిడ పొలం మీంచి కేకేసినట్టు గట్టిగా చెప్పడం వినిపించింది. "ఏఈ గారి బండంట. పొద్దున్నే వణుకుతోందంట. వేడెక్కేక బాగుంటుందంట."

 తరవాత ఆవిడే అంది. "సాయంత్రం తెచ్చేసి ఇక్కడే పడుకోమంటన్నారండి. బండి రాత్రంతా చల్లారాలంట. పొద్దున్న ఆయన చూసేదాకా తాళం ముట్టుకోవద్దంటన్నారు."

అంత సులువైన మాట రాజమండ్రిలో మొదటతనికి తట్టలేదు, తట్టిన రెండో అతను ప్లగ్గులతోనే ఆగిపోయాడు. రోగం పొద్దున వస్తుంటే పొద్దునే కదా చూడాలి.

ధనుర్మాసం మొదట్లో ఒక సాయంత్రం బయల్దేరాను. కడియం నర్సరీల దగ్గర రోడ్డుకి రెండువైపులా బంతిమొక్కలు లారీలకెక్కుతున్నాయి. మండపేట దాటాక కోతలు అయిపోయిన చేలు, అక్కడక్కడ రెండో పంట దాళ్వాకి పోసిన ఆకుమళ్లు పచ్చగా కనిపించాయి. అంత దూరం ఒక్కదాన్నే నడపడం అదే మొదటిసారి. పక్క సీటులో చీరలు పెట్టుకున్న సంచి మీద మధ్యమధ్యలో చెయ్యి వేస్తున్నాను.

మేస్త్రి బాగా తగ్గిపోయాడు. చొక్కా వేలాడుతోంది. నన్ను చూసి నవ్వి, కారు దగ్గరికి వెళ్లి దాని మీద చెయ్యి వేశాడు. అంతే. బానెట్ ఎత్తనైనా ఎత్తలేదు. పశువుల పాక పక్కన పెట్టించి, వేడి బయటికి పోవాలని చుట్టూ ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాడు. భార్య వంకాయ కూర, చారు పెట్టింది. తినేటప్పుడు ఆవిడ నాతో మెల్లిగా చెప్పింది. "రెండేళ్లయిందండి, పానా పట్టుకుని. ఎవరైనా బండి తెస్తే, చెవుల్లేనోణ్ని నాకెందుకని పంపించేస్తారు. మీ బండి అనేసరికి సరేనన్నారు."

పొద్దున్న లేచేసరికి మంచు దట్టంగా ఉంది. కొబ్బరాకుల మీంచి కారు మీద చుక్కలు పడుతున్నాయి. మేస్త్రి అప్పటికే లేచి, పాత పనిముట్లన్నీ గోనెపట్టా మీద వరసగా పేర్చుకుని కూర్చున్నాడు.

"స్టార్ట్ చేసి ఊరుకోండమ్మగారు. కాలెయ్యద్దు" అన్నాడు.

చోక్ లాగి తాళం తిప్పాను. అందుకుంది. వణుకు మొదలైంది. మేస్త్రి రెండు అరచేతులూ ఇంజను మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను చోక్ అలాగే ఉంచి కిందికి దిగి నిలబడ్డాను. అతని మోచేతులు కూడా బండితో పాటు వణకడం కనిపించింది. తరవాత వెనక్కి వెళ్లి, ఒక కాగితం ముక్క సైలెన్సర్ గొట్టం ముందు పట్టుకున్నాడు. కాగితం పొగకి బయటికి ఎగురుతోంది, ఉండుండి వెనక్కి లోపలికి గుంజుకుంటోంది.

"చూసేరా? ఒక సిలిండరు పని చెయ్యట్లేదండి. అది ఏ సిలిండరో చూద్దాం. తొందరగా కానివ్వాలి. వేడెక్కిందంటే దొంగ దొరకడు."

చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, ప్లగ్గుల మీది వైర్లు ఒక్కొక్కటే లాగి మళ్లీ పెట్టాడు. మొదటిది లాగితే బండి ఆగిపోబోయింది. రెండోదానికీ అంతే. మూడోది లాగితే వణుకు ఎలా ఉందో అలాగే ఉంది. తేడా లేదు.

బండి ఆపి ప్లగ్గులు విప్పి నా చేతికిచ్చాడు. రెండిటికి నల్లగా మసి ఉంది. మూడోది తెల్లగా ఎండిపోయి ఉంది. "దీనికి పెట్రోలు సరిపోవట్లేదండి. ఎక్కడినుంచో దొంగగాలి పోతోంది. ఎక్కడో కనిపెట్టాలంటే..." అని ఆగిపోయాడు.  అంతవరకూ చేతులతో చేసిన పని అక్కడితో అయిపోయింది. ఆపైన కావలసింది చెవులు.

నేను అతని ఎదురుగా వెళ్లి, పెదాలు కనిపించేలా నిలబడి, "నేను వింటాను" అన్నాను. నా చెవి చూపించాను.

అతను నమ్మనట్టు చూశాడు. తరవాత లోపలికి వెళ్లి, చేలకి మందు కొట్టే డబ్బాది పాత గొట్టం ఒకటి బారెడు కోసి, కడిగి తెచ్చాడు. ఒక కొస నా చెవిలో పెట్టుకోమన్నాడు. రెండో కొస తన చేతిలో పట్టుకున్నాడు. "సుయ్‌మని వినపడితే చెయ్యెత్తండి. మిగతా చప్పుళ్లు వదిలేయండి."

ప్లగ్గులు బిగించి మళ్లీ స్టార్ట్ చేశాం. గొట్టంలోంచి ఒక్కసారిగా అంత చప్పుడు వస్తుందని నేననుకోలేదు. పిండిమిల్లులో తల పెట్టినట్టుంది. అతను గొట్టం కొసని కార్బొరేటర్ కింద పెట్టాడు. గడగడ. తల అడ్డంగా ఊపాను. బ్రేకుకి వెళ్లే పైపు దగ్గర పెట్టాడు. అక్కడా ఏమీ లేదు. గొట్టం మెల్లిగా జరుగుతోంది, అతని కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఇంజనుకి గాలీ పెట్రోలూ పంచిపెట్టే ఇనప గొట్టాల మీదుగా ఒకటో సిలిండరు, రెండో సిలిండరు దాటి, చివరి అతుకు దగ్గరికి వచ్చాడు. గడగడల అడుగునుంచి సన్నగా, కుక్కరు కూతకి ముందు వచ్చే ఆవిరిలాగా వినిపించింది.

చెయ్యెత్తాను.

అతను గొట్టం ఒక అంగుళం అటు జరిపాడు. పోయింది. ఇటు జరిపాడు. మళ్లీ వచ్చింది. నేను ఎత్తిన చెయ్యి దించలేదు. అప్పుడతను నూనె డబ్బా తీసుకుని ఆ అతుకు మీద నాలుగు చుక్కలు వేశాడు. నా చెవిలో ఆవిరి టక్కున ఆగింది. ఇంజను వణుకూ ఆగింది. మేస్త్రి అరచెయ్యి ఇంజను మీద ఉంది. వణుకు ఆగడం అతనికి అక్కడ తెలిసింది. ఇద్దరం ఒకేసారి ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. నూనె లోపలికి పోయి, సైలెన్సర్లోంచి నీలం పొగ వచ్చింది. కాసేపటికి వణుకు మళ్లీ మొదలైంది.

"ప్యాకింగు పోయిందండి" అన్నాడు. రెండు ఇనుములు కలిసేచోట మధ్యలో పెట్టే అట్టముక్క అది. "ఇప్పుడు గొట్టం తియ్యకండి. వింటా ఉండండి."

విన్నాను. నిమిషాలు గడిచేకొద్దీ ఆ ఆవిరి చప్పుడు సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. బండి కుదుటపడింది. వేడికి ఇనుము ఉబ్బి సందు దానంతటదే మూసుకుందన్నమాట. రాజమండ్రిలో ఎవరికీ దొరకనిది అందుకే.

బండి ఆపించాడు. కాసేపాగి ఇనప గొట్టాలు విప్పి, ఆ అట్టముక్క తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఒక అంచు పొడిపొడిగా రాలుతోంది. "ఇది మొన్న పోయింది కాదండి. ఏళ్లయింది. మరిన్నాళ్లూ వణకలేదేంటి?" అని తనలో తనే అనుకున్నాడు. వంగి కార్బొరేటర్ పక్కనున్న చిన్న స్క్రూ చూశాడు. "ఈమధ్య ఎవరైనా ఐడ్లింగు తిప్పేరా?"

గుర్తొచ్చింది. కార్తీకమాసం ముందు ఊళ్లో ఒకచోట సర్వీసింగుకి ఇచ్చాను. కాలు తీసినా ఇంజను స్పీడు ఎక్కువగా ఉంది, పెట్రోలు ఊరికే పోతోంది, సరిగ్గా పెట్టాం అన్నారు. మంచిదే అనుకున్నాను. అది వేలితో నేలమీద రాసినట్టు నిదానంగా, పెదాలు కదుపుతూ చెప్పాను.

 మేస్త్రి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తరవాత నా వైపు చూడకుండా అన్నాడు. "వాళ్ల తప్పేం లేదండి. ఎక్కువగానే ఉంది. ఆ స్క్రూ పైకి తిప్పింది నేను. తిప్పించింది ఏఈ గారు."

"ఎప్పుడు?"

అది మాత్రం నా పెదాల మీద వెంటనే చదివేశాడు. "మీరు నేర్చుకున్నప్పుడండి. మా ఆవిడ క్లచ్చి వదిలితే బండి ఆగకూడదు, ఆగిందంటే భయపడి మళ్లీ ఎక్కదు, ఆగకుండా చెయ్యి అన్నారు. పెట్రోలు తాగేస్తదండి అన్నాను. తాగనీ అన్నారు. మీతో చెప్పొద్దన్నారు. నేర్చుకున్నాక దించేద్దామా అని రెండుసార్లు అడిగేను. ఉండనీలే అన్నారండి."

స్పీడు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ ఆ అట్ట పాడైన సంగతి బయటపడలేదు. సరిగ్గా పెట్టగానే వణుకు పైకి వచ్చింది. ఇది అతను వివరించి చెప్పాడు, నేను తలూపాను గానీ, సగం వినలేదు. కాలవ గట్టు మీద నా పక్క సీటులో కూర్చుని, నాకు పుట్టుకతో వచ్చిందంటే అవునవునని తలూపిన మనిషి కనిపిస్తున్నాడు. నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లనీళ్లు కూడా వచ్చాయి. మేస్త్రి లేచి ఏదో వెతుక్కుంటున్నట్టు లోపలికి వెళ్లిపోయాడు.

కొత్త ప్యాకింగు రామచంద్రపురంలో దొరుకుతుందేమో అన్నాను. అవసరం లేదన్నాడు. పాత అట్ట రేకు ఒకటి తీసి, ఇనుము మీద పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంట తట్టుకుంటూ పోయాడు. తట్టిన చోటల్లా గీత పడింది. ఆ గీత వెంట కత్తెర వేశాడు. కొలతా లేదు, పెన్సిలూ లేదు. బిగించేసరికి పదకొండయింది.

"ఇప్పుడు చెప్పలేమండి. మళ్లీ చల్లారాలి" అన్నాడు.

సాయంత్రం నాలుగింటిదాకా కూర్చున్నాం. ఆ మధ్యాహ్నమంతా అతని భార్య నాతో మాట్లాడుతూనే ఉంది. అందరి మాటలూ ఆయనకి గట్టిగా తిరగ చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయిందనీ, ఆయన మాత్రం రోజుకి పది మాటలు కూడా మాట్లాడడనీ చెప్పింది. "ఇవాళ మాట్లాడినంత ఏడాదిలో మాట్లాడలేదండి" అంది.

నాలుగింటికి స్టార్ట్ చేశాను. వినాయకుడు కదలకుండా కూర్చున్నాడు. మేస్త్రి అరచెయ్యి ఆనించి చూసి సరేనన్నాడు. ఈసారి గొట్టం అతని భార్య తీసుకుంది. చెవిలో పెట్టుకుని, మొహం చిట్లించి, అతుకులన్నిటి దగ్గరా విని, "ఏమీ లేదండి, గడగడే" అంది. ఆమె మొహంలో పరీక్ష రాసి వచ్చిన పిల్ల సంబరం కనిపించింది.

చివరికి మేస్త్రి స్క్రూ డ్రైవరు పట్టుకుని నన్నడిగాడు. "ఐడ్లింగు ఎక్కడ పెట్టమంటారండి? ఏఈ గారు పెట్టించిన చోటా?"

ఒక్క క్షణం అవుననబోయాను. ఆయన చేయించిన పని ఏదీ చెరపడానికి మనసొప్పదు. కానీ పదిహేనేళ్లుగా నడుపుతున్నాను. నిన్న ఒక్కదాన్నే ఇంత దూరం వచ్చాను.

"ఎక్కడ ఉండాలో అక్కడే ఉంచండి" అన్నాను.

"మంచిదండి" అన్నాడు. ఒక్క పావు వంతు తిప్పి, అరచేత్తో చూసి, వదిలేశాడు.

తిరిగి వస్తుంటే మండపేటలో ఒక ఎడ్లబండి అడ్డమొచ్చింది. క్లచ్చి తొందరపడి వదిలాను. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనక లారీ హారన్ కొట్టింది. మా లెక్కల టీచరు బాధ ఏంటో నాకు అప్పుడు తెలిసింది. తాళం తిప్పి, క్లచ్చి నిదానంగా వదిలి, బయల్దేరాను. ఇంటికి చేరేలోపు మరోసారి కూడా ఆగింది.

మాఘమాసంలో ద్రాక్షారామం భీమేశ్వరస్వామి దర్శనానికి వెళ్లి, వాళ్లింటికీ వెళ్లాను. వాకిట్లో రెండు మోటారు సైకిళ్లు, చేలకి నీళ్లు తోడే ఆయిలింజను ఒకటి ఉన్నాయి. మేస్త్రి ఇంజను మీద అరచెయ్యి వేసి వంగి ఉన్నాడు. భార్య చెవిలో గొట్టంతో పక్కనే కూర్చుని, నన్ను చూసి, మాట్లాడొద్దని వేలు పెదాల మీద పెట్టింది. నేను చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, వాళ్ల పని అయ్యేదాకా ఆగాను.